కాయక్ ఫ్రీ డెమో, సాగర్ బీచ్

అమీర్‌పేటలో డెమో అంటే ఒకటే అర్థం. కోచింగ్ సెంటర్‌లో కొత్త బ్యాచ్ మొదలయ్యే ముందు, ఫీజు కట్టకుండా కూర్చుని వినే మొదటి క్లాసు. మిగతా ఊళ్ళో కుక్కర్ డెమోలూ మిక్సీ డెమోలూ ఉంటాయేమో నాకు తెలియదు. మా దగ్గర మాత్రం ఆ మాట వినబడగానే జనం నోట్‌బుక్కు, పెన్ను వెతుక్కుంటారు.

సాఫ్ట్‌వేర్ కోర్సులు జోరు మీదున్న ఆ రోజుల్లో నేను అక్కడే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో టెస్టింగ్ చెప్పేదాన్ని. సోమవారం వచ్చిందంటే నా డెమో. మూడో అంతస్తులో రేకుల గది, కుర్చీకి ఒకరు, కిటికీకి ఇద్దరు. తెలిసింది తెలిసినట్టూ, తెలియనిది అంతకంటే బాగా తెలిసినట్టూ గంటసేపు మాట్లాడాలి. విన్నవాళ్ళలో సగం మంది లేచి పక్క సందులో ఇంకో డెమోకి పోయి, అక్కడా శ్రద్ధగా నోట్సు రాసుకునేవారు. డెమోల మీదే కోర్సు మొత్తం పూర్తి చేసిన ఘనులు నాకు తెలుసు. వాళ్ళ మీద నాకేం కోపం లేదు. నేనూ అట్లాగే నేర్చుకున్నాను.

మా ఇల్లు బల్కంపేటలో. మా నాయిన షెడ్ సనత్‌నగర్‌లో. ఫైబర్ పని ఆయనది. కూలర్ డబ్బాలు, నీళ్ళ ట్యాంకులు, దుకాణాల మీద పెట్టే పెద్ద పెద్ద అక్షరాలు. గాజు నూలు పరిచి, దాని మీద రెజిన్ అనే చిక్కటి జిగురు పూసి, ఆరాక అచ్చు నుంచి ఊడదీస్తారు. ఆ నూలు ముక్కలు బట్టల్లో దూరితే రోజంతా దురద. చిన్నప్పుడు నాయిన ఇంటికి రాగానే మేము ఎదురెళ్ళి చుట్టేసుకునేవాళ్ళం కాదు, ఆయన స్నానం అయ్యేదాకా ఆగేవాళ్ళం.

ఆయనతో పాటు మొదటినుంచీ ఉన్న మనిషి చాచా. నాయిన కంటే పెద్దవాడు. నాయిన ఆయన్ని భాయ్ అనేవాడు, ఆయనా నాయినని భాయ్ అనేవాడు. ఇద్దరిలో ఓనరెవరో, పనివాడెవరో కొత్తవాళ్ళకి అంతుపట్టేది కాదు. ఒకప్పుడు ఆ షెడ్డులో ఇంకా చాలామంది ఉండేవారు. ఏసీలు వచ్చి కూలర్లు తగ్గాయి. ఫ్యాక్టరీ ప్లాస్టిక్ ట్యాంకులు వచ్చి మా ట్యాంకులు తగ్గాయి. మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోయి చివరికి ఇద్దరు భాయ్‌లు మిగిలారు.

షెడ్డు అద్దెది. దాని ఓనరు చెడ్డవాడేం కాదు. ఒకరోజు ఇంటికే వచ్చి, మా అమ్మ ఇచ్చిన చాయ్ తాగి, విషయం చెప్పాడు. "అన్నా, ఈ షెడ్డు పడగొట్టి హాస్టల్ కడ్దామని మా పిల్లలు ఒకటే పోరు. నీకు పనుంటే ఉండు, ఏడాదికి రాసుకుందాం. పని లేకుండ తాళమేసి పెట్టుకుంట అంటే మాత్రం దసరా దాటినంక నాతోటి కాదు." అందులో తప్పుబట్టేందుకు ఏమీ లేదు. అదే ఇబ్బంది. తిట్టడానికైనా ఒకడు దొరికితే నాయినకి కొంచెం తేలిగ్గా ఉండేది.

అప్పటికే ఆయన పడవల పిచ్చిలో ఉన్నాడు. హుస్సేన్‌సాగర్‌లో పడవలు నడిపే క్లబ్బు వాళ్ళు ఒకసారి పగిలిన సన్నటి పడవనొకదాన్ని ఆటో ట్రాలీలో వేసుకొచ్చి బాగు చెయ్యమన్నారు. ఒక్క మనిషి కూర్చుని రెండు వైపులా ఆకులున్న తెడ్డుతో నడిపే రకం. కాయక్ అంటారని వాళ్ళే చెప్పారు. నాయిన రెండు రోజుల పనిని రెండు వారాలు సాగదీశాడు. దాని చుట్టూ తిరిగాడు, కింద పడుకుని చూశాడు, తట్టి చూశాడు. పడవ తిరిగి పంపేశాక తనే ఒక అచ్చు మొదలుపెట్టాడు.

"నీకు పడవల గురించి ఏం తెలుసు నాయినా?" అన్నాను.

"గిది సుత కూలర్ డబ్బానే బిడ్డా. జర పొడుగుంది, గంతే."

రెండు పడవలు తయారయ్యాయి. కూలర్లకు కొట్టగా మిగిలిన నీలం రంగే వేశారు. దూరం నుంచి చూస్తే ఎవరో కూలర్‌ని రెండు వైపులా పట్టి లాగినట్టుండేవి. ఇసుక మూటలు పెట్టి క్లబ్బు వాళ్ళ దగ్గర తేలించి చూశారు. తేలాయి. శామీర్‌పేట అవతల చెరువు ఒడ్డున కొత్తగా రిసార్ట్ కట్టిన ఒకాయన ఉన్నాడని ఎవరో చెబితే నాయిన పోయి కలిశాడు. అక్కడికి వారం వారం సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్ళు బస్సుల్లో వస్తారు. ఆయనకి డజను పడవలు కావాలి. ఆ డజను ఖాయమైతే షెడ్డు ఇంకో ఏడాది మాదే. చాచాకి పని ఉంటుంది. నాయిన పొద్దున లేవగానే పోవడానికి ఒక చోటుంటుంది. ఆ వానాకాలమంతా మా ఇంట్లో మాటలన్నీ ఆ డజను పడవల చుట్టూనే తిరిగాయి.

కానీ రిసార్ట్ ఆయన గట్టి మనిషి. "ఖాళీ పడవని ఎవడన్న తేలిస్తడు. మనుషుల్ని ఎక్కియ్యి, నేనొచ్చి చూస్త. డెమో ఇయ్యి," అన్నాడట.

నాయినకి ఆ మాట నచ్చింది. క్లబ్బు వాళ్ళని బతిమాలి, గట్టు కింద ఒక మూల, ఆదివారం పొద్దున వాడుకోవడానికి ఒప్పించాడు. లైఫ్ జాకెట్లు కూడా అడిగి తెచ్చాడు. ఇక కావలసింది జనం. సాగర్ నీళ్ళలో దిగడానికి ఎవరొస్తారు? ఆ వాసనకి బస్సులో పోయేవాళ్ళే ముక్కు మూసుకుంటారు. "పాంప్లెట్లు పంచుత," అన్నాడు నాయిన. నా మీద ఆధారపడటం ఇష్టం లేక, మా ఇన్‌స్టిట్యూట్ కింద ఉండే డీటీపీ దుకాణానికి తనే పోయి చెప్పి వచ్చాడు. ఏం చెప్పావని అడిగితే, "కాయక్ డెమో, ఫ్రీ, ఆదివారం పొద్దుగాల, సాగర్ గట్టు. ఇంకేం చెప్పాలె?" అన్నాడు.

శనివారం క్లాసు అయిపోయాక ఒక స్టూడెంట్ నా దగ్గరికొచ్చాడు. గుంటూరు వైపు కుర్రాడు, మర్యాద ఎక్కువ.

"మేడమ్ గారూ, కయాక్ అంటే ఆటోమేషన్ టూలేనాండీ? స్కోప్ ఉందంటారా?"

చేతిలో పసుపు కాగితం. తీసుకుని చదివాను. పైన పెద్ద అక్షరాల్లో KAYAK. కింద: ఫ్రీ డెమో. నూటికి నూరు శాతం ప్రాక్టికల్. రియల్ టైమ్ ఫ్యాకల్టీ. బిగినర్స్‌కీ, జాబ్‌లో ఉన్నవారికీ వేరు వేరు బ్యాచ్‌లు. లిమిటెడ్ సీట్స్. వేదిక: సాగర్ బీచ్. మూలన, చెవికి హెడ్‌సెట్ పెట్టుకుని నవ్వుతున్న తెల్లమ్మాయి బొమ్మ. ఆ అమ్మాయి మా పాంప్లెట్ మీదా ఉంటుంది, మా ఎదురింటి ఇన్‌స్టిట్యూట్ పాంప్లెట్ మీదా ఉంటుంది. పడవ అన్న మాట కాగితం మొత్తం వెతికినా లేదు.

మెట్లు దిగేసరికి ఒళ్ళు మండిపోతోంది. డీటీపీ అతను నన్ను చూసి స్టూలు జరిపాడు.

"ఇదేంది భాయ్? ఏం రాసినవ్ ఇది?"

"ఏమైంది మేడమ్? అన్న డెమో అన్నడు. డెమో అంటే ఫార్మాట్ గిదే గదా."

"రియల్ టైమ్ ఫ్యాకల్టీ ఎవరు?"

"మీ నాయిన గారే. రోజూ గా పని జేస్తుండు గదా, రియల్ టైమే గద మరి."

"బీచ్ ఎక్కడిది హైదరాబాద్‌లో?" అన్నాను.

"గట్టు అని రాస్తే ఎవలొస్తరు మేడమ్? ఆడ కాంట్రాక్టరోళ్ళు వొదిలేసిన ఇసుక కుప్ప సుత ఉంది. బీచ్ అంటే మంచిగుంటదని పెట్టిన." తన పనితనం మీద అతనికి ఎంత సంతోషమంటే, ఇక నేను తిట్టలేకపోయాను. అప్పటికే కాగితాలన్నీ పంజాగుట్ట చౌరస్తా నుంచి మైత్రీవనం దాకా ప్రతి హాస్టల్ తలుపు కిందా దూరిపోయాయి.

ఇంటికొచ్చి నాయినకి చదివి వినిపించాను. ఆయన అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"జనం వస్తరా, రారా?"

"వస్తరు. కానీ పడవ కోసం కాదు నాయినా. ఏదో కోర్సనుకొని వస్తరు."

"వచ్చినంక ఆడ ఉండేది పడవే గదా," అన్నాడు. ఆ ధైర్యం చూసి నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ మనిషికి దేనికీ కంగారు ఉండదు. ఆయన వంతు కంగారు కూడా మేమే పడాలి.

ఆదివారం పొద్దున్నే పడవలు ట్రాలీలో కట్టుకుని బయల్దేరాం. చాచా పడవల మధ్య కూర్చుని వాటి మీద చెరో చెయ్యి వేశాడు. నా మొహం చూసి "ఫికర్ నక్కో కరో బేటా" అన్నాడు. నాకు ఆ ఫికర్, ఆ బెంగ తప్ప ఇంకేం లేదు.

మేం చేరేసరికే జనం ఉన్నారు. తలస్నానాలు చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, బూట్లతో వచ్చారు. కొందరి చేతుల్లో రెజ్యూమె ఫైళ్ళు. నీళ్ళలోకి దిగే రాతిమెట్ల మీద వరుసగా, క్లాసులో కూర్చున్నట్టే కూర్చున్నారు. అబ్బాయిలు ఒక వైపు, అమ్మాయిలు ఒక వైపు. ముందు వరుసలో ఒకమ్మాయి అప్పుడే తేదీ వేసి, కింద గీత గీసి, "కయాక్ - ఇంట్రడక్షన్" అని రాసుకుని మాకోసం ఎదురుచూస్తోంది.

"ప్రొజెక్టర్ ఎక్కడ పెడతారండీ?" అని ఒకతను నన్ను అడిగాడు. వెలుతురులో తెర కనబడదని అతని బాధ.

రిసార్ట్ ఆయన కారు దిగి, నల్లద్దాలు పెట్టుకుని, కొంచెం దూరంలో చాయ్ పట్టుకుని నిలబడ్డాడు. జనాన్ని చూసి ఆ అద్దాలు పైకెత్తి మరీ చూశాడు. ఇంతమంది పొద్దున్నే పడవ కోసం వచ్చారనుకున్నాడు పాపం.

నాయిన నీళ్ళ అంచున నిలబడ్డాడు. మెట్ల మీద గుసగుసలు ఆగిపోయాయి. "అందరికి నమస్తే," అన్నాడు. తర్వాత ఏమీ రాలేదు. పది మంది ముందు మాట్లాడిన మనిషి కాదు. నాకు అలవాటైన పనే కదా అని ముందుకు అడుగేశాను. ఆయన చేత్తో వద్దన్నాడు. "చెప్పేదేం లేదు. చూపెడ్త," అని జనానికి చెప్పి, ప్యాంటు పైకి మడిచి, పడవలో ఒక కాలు పెట్టాడు.

ఇసుక మూటలు కదలవు. మా నాయిన కదులుతాడు. ఆ తేడా అప్పటిదాకా ఇద్దరు భాయ్‌లకీ తట్టలేదు. రెండో కాలు లోపల పెట్టి ఇట్లా కూర్చున్నాడో లేదో, పడవ అట్లా తిరగబడింది. నడుము లోతు నీళ్ళే, కానీ మనిషి మొత్తం మునిగాడు. చాచా లుంగీ ఎగ్గట్టి దూకాడు. "చోట్ లగీ క్యా భాయ్?" అని, దెబ్బ తగిలిందేమోనని అరుస్తున్నాడు. నాయిన లేచి నిలబడ్డాడు. భుజం మీద నాచు, చెవి దగ్గర ఎవరో పారేసిన పాలప్యాకెట్ కవరు. నీలం పడవ బోర్లా తేలుతోంది.

ఎవరూ నవ్వలేదు. అంతలో వెనక నుంచి ఒక గొంతు, ఎంతో వినయంగా: "సార్, ఒక్కసారి రిపీట్ చేస్తారా? వెనక వాళ్ళకి కనబడలేదు."

ముందు వరుస అమ్మాయి పుస్తకంలోకి తొంగిచూశాను. "స్టెప్ ఒకటి" అని రాసి, పడవ బోర్లా ఉన్న బొమ్మ వేసుకుంటోంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాయిన కోపం నాకు తెలుసు. ఒకసారి మెటీరియల్ బాగాలేదన్న కాంట్రాక్టరుని వీధి చివరిదాకా తరిమిన మనిషి. ఇప్పుడు వీళ్ళందరినీ తిట్టి పంపేస్తాడు, రిసార్ట్ ఆయన అదంతా చూస్తాడు, కథ అయిపోతుంది అనుకున్నాను. నాయిన మొహం తుడుచుకుని మెట్ల వైపు చూశాడు. అంత శ్రద్ధగా తనని ఎవరూ ఎన్నడూ చూసి ఉండరు.

"వెనకోళ్ళు ముందటికి రండ్రి," అన్నాడు.

రెండోసారి ఎక్కాడు. ఈసారి అవతలి వైపు పడ్డాడు. చప్పట్లు కొట్టారు. మూడోసారి నెమ్మదిగా, కాళ్ళు బారజాపి, మోకాళ్ళు పడవ అంచులకి ఆనించి కూర్చున్నాడు. పడవ ఊగింది, ఆగింది. తెడ్డు అటొకసారి ఇటొకసారి వేసి కొంచెం దూరం పోయి, తిరిగి వచ్చాడు. ఒడ్డుకి వచ్చేసరికి ఆయన మొహంలో చిన్నపిల్లవాడి నవ్వుంది. అది చూసి నాకు గర్వమేసింది. ముందురోజు ఆ మనిషి మీద పళ్ళు కొరికింది నేనేనా అనిపించింది.

"సార్, ప్రీ-రిక్విజిట్స్ ఏమైనా ఉన్నాయా? ఈత రావాలా?"

"నాకే రాదు."

అప్పుడు నవ్వారు, మెట్లన్నీ ఒక్కసారే. నేను ముందుకొచ్చి, ఉన్న సంగతి చెప్పేశాను. ఇది సాఫ్ట్‌వేర్ కాదు, దీనికి మెటీరియల్ లేదు, ప్లేస్‌మెంట్ లేదు, పడవ ఎక్కి చూడడమే అన్నాను. కొందరు మొహం మాడ్చుకుని లేచారు. "ఎస్సార్ నగర్ నుంచి నడుచుకుంటూ వచ్చామండీ," అని ఒకతను నాకు వినబడేట్టే అన్నాడు. కానీ చాలామంది కదల్లేదు. ఆదివారం పొద్దున హాస్టల్‌లో టిఫిన్ ఆలస్యం, ఉద్యోగం లేదు, ఇంటికి ఫోన్ చేసి చెప్పడానికి కొత్త సంగతి లేదు. ఎక్కడికి పోతారు? బూట్లు విప్పి, ఫైళ్ళు వాటి మీద పెట్టి, ప్యాంట్లు మడవడం మొదలుపెట్టారు.

పడవకి తాడు కట్టి చాచా ఒక చివర పట్టుకున్నాడు. నాయిన నీళ్ళలో నిలబడి ఒక్కొక్కరికీ జాకెట్ తొడిగి ఎక్కించాడు. "కుర్చీల కూసున్నట్టు కాదు, చాప మీద కూసున్నట్టు కూసో. నడుము వదులుజెయ్యి. నువ్వు బిగిస్తే అది సుత బిగుస్తది." కొందరు పడ్డారు, పడి మళ్ళీ లైన్లో నిలబడ్డారు. గుంటూరు కుర్రాడు "అమ్మో అమ్మో" అంటూనే తాడు చివరిదాకా పోయాడు. నోట్సు అమ్మాయి చున్నీ నడుముకి కట్టుకుని ఎక్కింది, ఒకసారి ఎక్కాక దిగనంది. పైన రోడ్డు మీద పోయేవాళ్ళు స్కూటర్లు ఆపి చూశారు. సాగర్ వాసన సంగతి అందరూ మరిచిపోయారు. నేను కూడా.

రిసార్ట్ ఆయన చివరిదాకా ఉన్నాడు. జనం పలచబడ్డాక నాయినని పక్కకి పిలిచి, తడి భుజం మీద చెయ్యి వేసి మాట్లాడాడు. చాచా తాడు చుడుతున్నట్టు నటిస్తూ అటే చూస్తున్నాడు. ప్రార్థన చేస్తున్నట్టు చాచా పెదాలు కదులుతున్నాయి. రిసార్ట్ ఆయన నాయిన చెయ్యి పట్టుకుని ఊపి, నవ్వి, కారెక్కి పోయాడు. ఆ ఊపడం చూసి నేను ఆర్డర్ ఖాయమైపోయిందనుకున్నాను. నాయిన మా దగ్గరికి వచ్చాడు.

"ఏమన్నడు నాయినా?"

"పడవలొద్దన్నడు. ఫ్యామిలీలొస్తరు, తిరగబడితే ఎట్ల అన్నడు. చైనా నుంచి ప్లాస్టిక్‌వి వస్తున్నయట, తిరగబడయట."

చాచా తాడు చుట్టడం ఆపేశాడు.

"మరి అంతసేపు ఏం మాట్లాడిండు?"

"నన్ను రమ్మన్నడు. పడవలు దొరుకుతయి గని జనాన్ని గిట్ల ఆడించేటోడు దొరుకుతలేడట. నెల జీతం ఇస్తనన్నడు."

నాకు సంతోషం కలిగింది. దాచుకోకుండా చెబుతున్నాను, చాలా సంతోషం కలిగింది. రెజిన్ వాసన పీల్చి పీల్చి రాత్రుళ్ళు దగ్గే మనిషి, చెట్ల కింద చెరువు గాలికి ఉంటాడు. దసరా అంటే భయపడక్కర్లేదు. "మంచిదే గద నాయినా," అన్నాను. ఆయన పోయి బోర్లా ఉన్న పడవని చాచాతో కలిసి ఎత్తాడు.

ఇంటికొచ్చాక అమ్మ వేపాకు నీళ్ళు కాచి, పెరట్లోనే నిలబెట్టి తల మీద గుమ్మరించింది. సాగర్‌లో మునిగొచ్చిన మనిషిని ఇంట్లోకి రానివ్వనంది. ఆ సాయంత్రం నేను మళ్ళీ జీతం మాట ఎత్తాను. ఎంత గౌరవంగా పిలిచాడో, జనం ఎంత ఇష్టపడ్డారో చెప్పుకుంటూ పోయాను. నాయిన విని, "నేను చేసింది చూడనీకి రమ్మన్న బిడ్డా. నన్ను చూసి పోయిండు," అన్నాడు.

తర్వాతి ఆదివారం గట్టు మీదికి మళ్ళీ జనం వచ్చారు. ఎవరూ పిలవలేదు. ఈసారి పాత బట్టలతో, తువ్వాళ్ళతో వచ్చారు. దసరా దాకా ప్రతి ఆదివారం అదే తంతు. నాయిన వారమంతా షెడ్డులో ఉండి అచ్చుని పగలగొట్టి, అడుగు వెడల్పు చేసి, మూడో పడవ తీశాడు. అది ఎంత ఊపినా తిరగబడలేదు. గుంటూరు కుర్రాడు నిలబడి గంతులేసినా తిరగబడలేదు. నాయిన ఆ సాయంత్రమే రిసార్ట్ ఆయనకి ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను, అవతలి మాట నాకూ వినబడింది. "బోట్ల సంగతి అయిపాయె అన్నా, ఆర్డర్ పెట్టేసిన. నువ్వెప్పుడొస్తున్నవ్ చెప్పు."

"ఒక్కపారి వచ్చి చూడు సార్. ఈసారి తిరగబడదు."

"నువ్వు రా అన్నా. నాకు నువ్వు కావాలె."

తనతో పాటు చాచాని కూడా తీసుకుంటావా అని అడిగాడు నాయిన. ముసలాయనతో అక్కడ ఏం పని అన్నాడు ఆయన. ఈ సంగతి నాయిన చాచాకి చెప్పలేక వారం నానబెట్టాడు. చివరికి చాచానే ఒకరోజు చాయ్ తాగుతూ, "నువ్వు పో భాయ్. నా కొడుకు చికెన్ దుకాణంల కూసుంట నేను. ఆడ కుర్చీ ఉంది, ఫ్యాన్ ఉంది, మస్తుంటది," అన్నాడు. ఇద్దరూ గట్టిగా నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నాయిన వస్తానని ఆయనకి ఫోన్ చేసి చెప్పాడు.

రిసార్ట్‌కి ఆదివారమే అసలు పని రోజు. అందువల్ల గట్టు మీద ఆటలు ఆగిపోవాల్సి వచ్చింది. ఆఖరి వారం జనం దిగిపోయాక ఎవరో అలవాటుగా "నెక్స్ట్ బ్యాచ్ ఎప్పుడు సార్?" అన్నారు. "బ్యాచ్ లేదు," అన్నాడు నాయిన. మూడు నీలం పడవల్నీ క్లబ్బు వాళ్ళ మూలన వదిలేశాడు. పండగ దాటాక షెడ్డు తాళంచెవి ఇచ్చేశాడు. ఇప్పుడక్కడ అయిదంతస్తుల హాస్టల్ ఉంది.

మరుసటి ఎండాకాలం మా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు స్టాఫ్‌ని ఎక్కడికైనా ఒకరోజు తీసుకుపోదామన్నప్పుడు, ఆ రిసార్ట్‌కే అని నేను పట్టుబట్టాను. నాయిన అక్కడ ఎట్లా ఉంటాడో చూడాలని. ఆయన ఇంట్లో ఏదీ చెప్పడు.

చెరువు ఒడ్డున నారింజ రంగు టీషర్టు, మెడలో విజిల్. దగ్గు లేదు, ఒళ్ళు చేశాడు. ఏదో పెద్ద కంపెనీ వాళ్ళు బస్సు నిండా వచ్చారు. నాయిన వాళ్ళని ఎక్కిస్తున్నాడు, దించుతున్నాడు, భయపడేవాళ్ళని మాటల్లో పెడుతున్నాడు. "అంకుల్ అంకుల్" అంటూ అందరూ ఆయన చుట్టే. నన్ను చూసి చెయ్యి ఊపి, ఆగమన్నట్టు సైగ చేశాడు. మావాళ్ళతో పాటు జాకెట్ వేసుకుని వరుసలో నిలబడ్డాను. ఇంత బాగా ఉంటే నేను అనవసరంగా బెంగపెట్టుకున్నాను అనుకున్నాను.

నా ముందు ఒకమ్మాయి పడవ దిగింది. పచ్చటి ప్లాస్టిక్ పడవ, నున్నగా, అతుకు అన్నది లేకుండా ఉంది. ఆమె దాన్ని అరచేత్తో తట్టి, "అంకుల్, ఈ బోట్లు భలే ఉన్నాయి. ఎవరు చేస్తారు ఇవి?" అంది.

నాయిన పడవ వైపు చూశాడు. "మనుషులు చేయరమ్మా, మిషిన్ చేస్తదట," అన్నాడు. అని, వంగి దాన్ని ఒక పక్కకి ఒరిగించి లోపలి నీళ్ళు పారబోశాడు.

మా నాయిన చేస్తాడు పడవలు, తిరగబడని పడవ చేశాడు అని ఆ అమ్మాయికి చెప్పాలనిపించింది. కానీ ఆమె అడిగింది ఈ పడవ గురించి. ఇది ఆయన చేసింది కాదు. నేను వరుసలో ఒక అడుగు ముందుకు జరిగి నా వంతు కోసం నిలబడ్డాను.